మూడు రంగుల గండుపిల్లి

పాలగిన్నె చప్పుడైతే చాలు గోడ దూకి వచ్చే పిల్లుల్లో ఒక్కోసారి మూడు రంగులది కనిపిస్తుంది. తెల్లటి ఒంటి మీద అక్కడో నల్ల మచ్చ, ఇక్కడో ఎర్ర మచ్చ. పాత చీరల ముక్కలతో అమ్మమ్మ కుట్టిన బొంతలా ఉంటుంది. అలాంటి పిల్లి కనిపిస్తే అది ఆడదని దూరం నుంచే చెప్పేయవచ్చు. నల్ల పిల్లుల్లో ఆడా మగా రెండూ ఉంటాయి. ఎర్ర పిల్లుల్లోనూ అంతే. నలుపూ ఎరుపూ ఒకే ఒంటి మీద కలిసి ఉన్నది మాత్రం దాదాపుగా ఎప్పుడూ ఆడదే.

దాదాపుగా అన్నాను కదా, అంటే మినహాయింపు ఉంది. వేల పిల్లుల్లో ఎక్కడో ఒక గండుపిల్లి మూడు రంగులతో పుడుతుంది. అలాంటిది ఓడలో ఉంటే మంచిదని జపాన్ నావికుల నమ్మకం. 1956లో ఆ దేశం అంటార్కిటికాకు పంపిన తొలి బృందం వెంట కూడా ఒక మూడు రంగుల గండుపిల్లి వెళ్లింది. దాని పేరు తకేషి. ఇలాంటి గండుపిల్లులు ఎందుకంత అరుదు? వాటిలో చాలావాటికి సంతానం ఎందుకు కలగదు? ఈ రెండు ప్రశ్నలనూ పట్టుకుని వెళితే మనుషుల కథలోకే వస్తాం.

ఆ కథలో ఇద్దరిని ఊహించుకోండి. ఒకరు పదో తరగతి అమ్మాయి. ప్రార్థన వరుసలో ఎప్పుడూ ముందు నిలబడేది ఆమే. తోటివాళ్లందరూ పెద్దమనుషులై రెండేళ్లు దాటింది, ఆమె ఇంకా కాలేదు. ‘వాళ్ల నానమ్మ కూడా పొట్టే, ఆలస్యంగానే అయింది’ అని ఇంట్లో సర్దిచెప్పుకుంటున్నారు. రెండోవారు ముప్పై రెండేళ్ల యువకుడు. మనిషి మంచి పొడగరి, ఉద్యోగం ఉంది. పెళ్లయి ఐదేళ్లయినా పిల్లలు లేరు. భార్యకు నాలుగేళ్లపాటు మందులు వాడించాక ఎవరో అతని వీర్యాన్ని పరీక్షిస్తే అందులో ఒక్క కణమూ కనిపించలేదు. చూడ్డానికి ఈ ఇద్దరికీ ఏ పోలికా లేదు. కానీ ఇద్దరి విషయంలోనూ జరిగింది ఒకే రకమైన లెక్క తప్పు. అమ్మాయికి ఒక క్రోమోజోము తక్కువ, అబ్బాయికి ఒకటి ఎక్కువ.

కాడి ఎడ్లు, రెండు కొట్టాలు

మన ఒంట్లోని దాదాపు ప్రతి కణంలోనూ జన్యువుల మూటలు 46 ఉంటాయి. అవే క్రోమోజోములు. తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 వచ్చి జతలు జతలుగా ఉంటాయి. ఇందులో 22 జతలు ఆడవారికీ మగవారికీ ఒకటే. ఇరవైమూడో జతలోనే తేడా. ఆడవారికి రెండు ఎక్స్‌లు, మగవారికి ఒక ఎక్స్, ఒక వై. పేరుకు జతే గాని ఎక్స్, వై రెండూ సమానం కావు. ఎక్స్ మీద 800కు పైగా జన్యువులు ఉంటే, వై మీద అందులో చిన్న భాగమే. వై పొట్టిది. ఎంత మొండిది అంటే, దాని అక్షరక్రమాన్ని మొదటి నుంచి చివరిదాకా ఖాళీలు లేకుండా చదవడం 2023లో గాని సాధ్యపడలేదు.

బిడ్డకు 46 రావాలంటే అండంలో 23, వీర్యకణంలో 23 మాత్రమే ఉండాలి. అందుకని ఆ కణాలు తయారయ్యేటప్పుడు జతలన్నీ విడిపోవాలి. పొద్దుగూకాక కాడి విప్పి, ఒక ఎద్దును తూర్పు కొట్టంలో, రెండోదాన్ని పడమటి కొట్టంలో కట్టేయడం లాంటి పని ఇది. కాడి జతలు 23. ప్రతి ఎద్దు మెడకూ ఒక పలుపు. రెండు కొట్టాల వైపు నుంచీ పలుపులు లాగుతుంటారు. ఒక్క జతకు ముడి వీడలేదనుకోండి. రెండు ఎడ్లూ ఒకే కొట్టంలోకి పోతాయి. అక్కడ 24 అవుతాయి, ఇక్కడ 22 మిగులుతాయి.

తప్పు ఇరవైమూడో జతలో జరిగితే ఏమవుతుందో చూద్దాం. రెండు ఎక్స్‌లూ చేరిన అండాన్ని వై ఉన్న వీర్యకణం కలిస్తే బిడ్డ ఎక్స్ఎక్స్‌వై. అలాగే ఎక్స్, వై రెండూ విడిపోకుండా ఒకే వీర్యకణంలోకి వచ్చినా ఫలితం అదే. దీన్ని క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు. లైంగిక క్రోమోజోము లేని వీర్యకణం మామూలు అండాన్ని కలిస్తే బిడ్డకు ఒక్క ఎక్స్ మాత్రమే మిగులుతుంది. అది టర్నర్ సిండ్రోమ్. రెండు ఎక్స్‌ల అండానికి మరో ఎక్స్ తోడైతే ట్రిపుల్ ఎక్స్. తండ్రి వైపు రెండో విడత విభజనలో వై తాలూకు రెండు పోగులూ విడిపోకపోతే ఎక్స్‌వైవై. ఇంకొక్క కలయికకు వీలుంది: ఎక్స్ అసలు లేకుండా వై మాత్రమే ఉండటం. అలాంటి బిడ్డ ఎక్కడా పుట్టదు. కణం బతకడానికి కావలసిన జన్యువులు ఎక్స్ మీద ఉన్నాయి కాబట్టి అది లేకుండా పిండం తొలి రోజులే దాటదు.

ఒక్కోసారి అండం, వీర్యకణం రెండూ సవ్యంగానే ఉంటాయి. పిండం ఏర్పడ్డాక, కణాలు రెండు నాలుగవుతున్న సమయంలో ఎక్కడో ఒక కణం లెక్క తప్పుతుంది. అప్పుడు ఒంట్లో కొన్ని కణాలకు 46, కొన్నింటికి 45 ఉంటాయి. దీన్ని మొజాయిక్ అంటారు. పాతకాలపు ఇళ్ల మొజాయిక్ గచ్చు గుర్తుందిగా, అదే మాట. టర్నర్ ఉన్న అమ్మాయిల్లో సుమారు సగం మందికే అన్ని కణాల్లోనూ ఒక్క ఎక్స్ ఉంటుంది. మిగతావారిలో ఇలాంటి మిశ్రమమో, రెండో ఎక్స్ తునిగిపోయి ఉండటమో కనిపిస్తుంది. లెక్క తప్పడం ముసలితనంలోనూ ఆగదు. డెబ్బై దాటిన మగవారిలో నూటికి నలభై మందికి రక్తకణాల్లో కొన్ని తమ వైని పారేసుకునే ఉంటాయి.

[ పెట్టెలో: రక్తపు చుక్కలో క్రోమోజోములను ఎలా లెక్కిస్తారు?

పరీక్ష పేరు కార్యోటైపింగ్. చేతి నరం నుంచి రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. పరగడుపున ఉండనక్కర్లేదు. ఎర్ర రక్తకణాల్లో క్రోమోజోములు ఉండవు కాబట్టి తెల్ల కణాలను తీసుకుని, విభజన మొదలుపెట్టేలా మందు కలిపి, ఒంటి వేడిలో మూడు రోజులు పెంచుతారు. క్రోమోజోములు దారాల్లా చిక్కుపడి కాకుండా విడివిడి కట్టెల్లా కనిపించేది విభజన మధ్యలోనే. సరిగ్గా ఆ క్షణంలో కణాన్ని ఆపాలి. అందుకు కాల్చిసిన్ జాతి మందు వేస్తారు. ఇది పలుపులను తయారు కానివ్వదు. మన అడవుల్లో మంటల్లాంటి పూలు పూసే అడవినాభి దుంపలో, గింజల్లో ఉండే విషం ఈ కాల్చిసినే.

తర్వాతి మెట్టు అనుకోకుండా దొరికింది. 1952లో అమెరికాలో టి.సి. షు అనే శాస్త్రవేత్త పలకల మీద క్రోమోజోములు ఎన్నడూ లేనంత విడివిడిగా పరుచుకుని కనిపించాయి. ఎందుకో వెతికితే, కణాలను కడిగే ద్రావణంలో ఎవరో ఉప్పు తక్కువ కలిపారని తేలింది. పలుచటి నీటిలో కణం ఉబ్బి, లోపలివి దూరదూరంగా జరిగాయి. ఈ కిటుకు చేతికందాకే 1956లో టియో, లెవాన్ అనే ఇద్దరు స్వీడన్‌లో మనిషి క్రోమోజోములను సరిగ్గా లెక్కపెట్టారు. అప్పటిదాకా మూడు దశాబ్దాలు ప్రపంచమంతా వాటిని 48 అనుకుంది.

రంగు అద్దాక పట్టీలు పట్టీలుగా కనిపించే క్రోమోజోములను జతలు చేర్చి వరుసలో పేరుస్తారు. సాధారణంగా ఇరవై కణాలు చూస్తారు. మొజాయిక్ అనుమానం ఉంటే ఇంకా ఎక్కువ. రిపోర్టు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ]

నిద్రపోయే ఎక్స్

క్రోమోజోముల లెక్క తప్పడం మామూలుగా చాలా పెద్ద దెబ్బ. ఇరవైఒకటో క్రోమోజోము అన్నింటిలోకీ చిన్నది. అది మూడు ఉంటే డౌన్ సిండ్రోమ్ వస్తుంది. దానికంటే పెద్దవి మూడైతే చాలావరకు పిండం నిలవదు. జన్యువు అంటే ఒంటికి ఒక పదార్థం వండిపెట్టే కొలత. ఒకేసారి కొన్ని వందల కొలతలు ఒకటిన్నర రెట్లయితే వంట చెడుతుంది. మరి ఎక్స్ అంత పెద్దది, 800కు పైగా జన్యువులు మోస్తున్నది. అలాంటిది రెండుకు మూడైనా మనిషి పుడతాడు, చదువుకుంటాడు, ఉద్యోగం చేస్తాడు, తనలో తేడా ఉందని తెలియకుండానే బతికేస్తాడు. ఇదెలా సాధ్యం?

దీనికి జవాబు చూపించింది కూడా పిల్లులే. కెనడాలో ముర్రే బార్ అనే వైద్యుడు, బర్‌ట్రామ్ అనే తన విద్యార్థితో కలిసి పిల్లుల నరాల కణాలను చూస్తున్నారు. బాగా పనిచేసి అలిసిన నరంలో ఏం మారుతుందన్నది వాళ్ల ప్రశ్న. కొన్ని పిల్లుల కణాల మధ్యలో ఒక చిన్న నల్ల చుక్క కనిపిస్తోంది, కొన్నింటిలో లేదు. అలసటకూ ఆ చుక్కకూ సంబంధం దొరకలేదు. చివరికి రికార్డులు తిరగేస్తే చుక్క ఉన్నవన్నీ ఆడ పిల్లులు! 1949లో ఈ సంగతి అచ్చయింది. ఆ చుక్కకు బార్ బాడీ అని పేరు వచ్చింది గాని అదేమిటో పన్నెండేళ్లపాటు తేలలేదు.

తేల్చింది మేరీ లయన్. ఇంగ్లండ్‌లోని హార్‌వెల్‌లో ఆమె ఎలుకలతో పనిచేసేది. కొన్ని ఆడ ఎలుకల ఒంటి మీద రంగు అతుకులు అతుకులుగా ఎందుకు వస్తోందని ఆలోచించి, 1961లో ఒక చిన్న వ్యాసంలో ఇలా ప్రతిపాదించింది: ఆడ జీవి ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటే మేలుకుని ఉంటుంది, రెండోది ముడుచుకుని నిద్రపోతుంది. ఆ ముడుచుకున్నదే బార్ చూసిన చుక్క.

పప్పులో ఇద్దరు ఉప్పు వేస్తే తినలేం. అందుకని ఒకరే వేయాలని ఇంట్లో ఒక కట్టడి పెట్టుకున్నట్టు ఇది. మగవారికి ఉన్నదే ఒక ఎక్స్, ఆడవారికి రెండున్నా పనిచేసేది ఒకటే. ఇద్దరి మోతాదూ సరిపోయింది. మూడు ఎక్స్‌లుంటే రెండు నిద్రపోతాయి, నాలుగుంటే మూడు. ఎన్ని ఉన్నా మేలుకునేది ఒకటే. అదనపు ఎక్స్‌ను ఒళ్లు ఓర్చుకోగలగడానికి కారణం ఈ ఏర్పాటే. నిద్రపుచ్చే పని చేసే జన్యువు పేరు ఎగ్జిస్ట్, 1991లో దొరికింది. తాను ఏ ఎక్స్ మీద ఉందో ఆ ఎక్స్‌నే దుప్పటిలా కప్పేసి నోరు మూయిస్తుంది.

ఇప్పుడు పిల్లి మచ్చలు చూడండి. ఎరుపా నలుపా అని తేల్చే జన్యువు పిల్లుల్లో ఎక్స్ మీద ఉంది. (ఆ జన్యువు కచ్చితంగా ఏదన్నది వందేళ్ల ప్రశ్న. జపాన్, అమెరికా బృందాలు రెండు విడివిడిగా వెతికి 2025లో ప్రకటించాయి.) ఆడ పిల్లికి తల్లి నుంచి ఎరుపు ఎక్స్, తండ్రి నుంచి నలుపు ఎక్స్ వచ్చాయనుకోండి. పిండం చిన్న ముద్దగా ఉన్న దశలో ఒక్కో కణం ఏదో ఒక ఎక్స్‌ను నిద్రపుచ్చుతుంది. ఏది అన్నది బొమ్మా బొరుసూ లాంటిదే. ఆ కణానికి పుట్టిన కణాలన్నీ అదే నిర్ణయాన్ని జీవితాంతం పాటిస్తాయి. నలుపు నిద్రపోయిన చోట ఎర్ర మచ్చ, ఎరుపు నిద్రపోయిన చోట నల్ల మచ్చ. తెలుపు వేరే జన్యువు పని. గండుపిల్లికి ఒకే ఎక్స్ కాబట్టి రెండు రంగులకూ తావులేదు. మూడు రంగుల గండుపిల్లి పుట్టిందంటే దానికి రెండో ఎక్స్ ఎక్కడి నుంచో రావాలి. 1961లోనే అలాంటి పిల్లుల కణాలు పరీక్షించి ఎక్స్ఎక్స్‌వై అని చూపించారు. క్లైన్‌ఫెల్టర్ ఉన్న మన యువకుడిదీ అదే లెక్క.

మనిషికి ఒంటి మీద మచ్చలు కనిపించవు గాని, ప్రతి స్త్రీ శరీరమూ లోపల ఇలాంటి బొంతే. కాలేయంలో ఒక గుంపు కణాలు నాన్న ఎక్స్ మాట వింటుంటే, పక్క గుంపు అమ్మ ఎక్స్ మాట వింటుంటుంది.

నిద్రలోనూ కదిలే చేయి

ఇక్కడ చదువరికి ఒక సందేహం రావాలి. ఎలాగూ ఒక ఎక్సే పనిచేస్తుంది కదా! అలాంటప్పుడు ఒక్క ఎక్స్ ఉన్న అమ్మాయికి ఇబ్బందెందుకు? అదనపు ఎక్స్ నిద్రపోతుంటే ఆ యువకుడికి ఇబ్బందెందుకు? నా మట్టుకు ఈ విషయంలో అన్నిటికంటే అందమైన ప్రశ్న ఇదే.

జవాబు: నిద్ర పూర్తి నిద్ర కాదు. ముడుచుకున్న ఎక్స్ మీద ఏడింట ఒక వంతు జన్యువులు మేలుకునే ఉంటాయి. కళ్లు మూసుకుని పడుకున్నవాడి చేయి అప్పుడప్పుడూ జాడీలోకి వెళ్లి చిటికెడు ఉప్పు వేస్తూనే ఉంటుంది. ఒళ్లు ఆ చిటికెడును కూడా లెక్కలో వేసుకునే వంట నేర్చుకుంది. అమ్మాయికి ఎక్స్ ఒకటే ఉంటే ఆ చిటికెడు తగ్గుతుంది, అదనపు ఎక్స్ ఉంటే పెరుగుతుంది.

అలా మేలుకుని ఉండే జన్యువుల్లో షాక్స్ ఒకటి. ఎముకల పొడవును నడిపించేది ఇది. ఎక్స్ కొసన ఉంటుంది, వై కొసన కూడా ఉంటుంది. అంటే ఆడవారికైనా మగవారికైనా రెండు ప్రతులు. టర్నర్ అమ్మాయికి ఒకటే ప్రతి, కాబట్టి పొట్టి. ఎక్స్ఎక్స్‌వై, ఎక్స్‌వైవై, ట్రిపుల్ ఎక్స్ వారికి మూడు ప్రతులు, కాబట్టి సగటు కంటే పొడవు. ఎంత తిన్నగా లెక్క సరిపోయిందో చూడండి. ఎలుకల్లో నిద్రపోయే ఎక్స్ చాలా గాఢంగా నిద్రపోతుంది, తప్పించుకునే జన్యువులు బహు తక్కువ. అందుకే ఒక్క ఎక్స్ ఉన్న ఆడ ఎలుక చూడ్డానికి మామూలుగానే ఉండి పిల్లల్ని కూడా పెడుతుంది.

సంతానం దగ్గరికి వచ్చేసరికి మరో కారణం తోడవుతుంది. అండాలుగా మారే కణాల్లో మాత్రం నిద్రపోయిన ఎక్స్ మళ్లీ లేస్తుంది. అక్కడ రెండూ పనిచేయాలి. టర్నర్ ఆడశిశువు తల్లి కడుపులో ఉండగానే అండాశయంలో అండాలు మొలకెత్తుతాయి గాని, రెండో ఎక్స్ తోడులేక చాలావరకు పుట్టేలోపో, పుట్టిన కొద్ది ఏళ్లలోనో రాలిపోతాయి. మగవారిలో దీనికి అద్దం పట్టినట్టు ఉల్టా: వీర్యకణాలు తయారుచేసే మూల కణాలు రెండు ఎక్స్‌ల మోతాదును భరించలేక నశిస్తాయని ఎలుకల్లో చేసిన పరిశోధనలు చెబుతున్నాయి.

[ పెట్టెలో: ఆడా మగా తేల్చేది ఏది?

అరటిపండు మీద ముసిరే చిన్న ఈగల్లో లింగాన్ని తేల్చేది ఎక్స్‌ల లెక్క. కాల్విన్ బ్రిడ్జెస్ 1916లో చూపించినట్టు ఎక్స్ఎక్స్‌వై ఈగ ఆడది, ఒక్క ఎక్స్ ఉన్న ఈగ మగది. మనుషుల్లోనూ అంతేనని అప్పట్లో చాలామంది అనుకున్నారు. 1959లో ఎడిన్‌బరాలో పట్రీషియా జేకబ్స్, జాన్ స్ట్రాంగ్ క్లైన్‌ఫెల్టర్ ఉన్న మగమనిషికి ఎక్స్ఎక్స్‌వై ఉందని చూపారు. అదే ఏడాది చార్లెస్ ఫోర్డ్ బృందం టర్నర్ ఉన్న అమ్మాయికి ఒక్క ఎక్సే ఉందని చూపింది. ఈగ లెక్కకు పూర్తి వ్యతిరేకం! మనిషిలో మగ దారి తెరిచేది వై అని అలా తేలింది. వై మీద ఆ పని చేసే ఎస్ఆర్‌వై జన్యువు 1990లో దొరికింది. అది ఉంటే పిండంలోని గ్రంథి వృషణమవుతుంది, లేకపోతే అండాశయం. ]

ఒక్క ఎక్స్ ఉన్న అమ్మాయి

1938లో అమెరికా వైద్యుడు హెన్రీ టర్నర్ ఏడుగురు యువతుల గురించి రాశాడు. అందరూ పొట్టి, మెడకు రెండు వైపులా చర్మపు మడత, మోచేతులు కొంచెం బయటికి వంగి ఉండటం, ఈడేరకపోవడం. పుట్టిన ఆడపిల్లల్లో రెండు వేలకో, రెండున్నర వేలకో ఒకరికి టర్నర్ ఉంటుంది. కడుపులో పడినప్పటి లెక్క మాత్రం ఇంకా చాలా పెద్దది. ఒక్క ఎక్స్‌తో ఏర్పడిన పిండాల్లో నూటికి తొంభై తొమ్మిది నిలవవు. అంటే పుట్టి మన ముందు నిలబడ్డ అమ్మాయి చాలా గట్టి పిండం.

అనుమానం రావడానికి మూడు సందర్భాలున్నాయి. పుట్టగానే చేతులూ కాళ్లూ పైభాగాన ఉబ్బి ఉండటం మొదటిది. కొన్ని నెలల్లో వాపు తీసేస్తుంది కాబట్టి అందరూ మరిచిపోతారు. రెండోది బడి వయసు: ఏటా ఎత్తు కొలిచి రాస్తే గీత కిందికి జారడం కనిపిస్తుంది. మూడోది పద్నాలుగేళ్లు దాటినా పెద్దమనిషి కాకపోవడం. మన దగ్గర ఎక్కువగా మూడోదానిదాకా వస్తుంది వ్యవహారం, అప్పటికి మంచి కాలం చాలా గడిచిపోతుంది. పొట్టిగా ఉన్న ఆడపిల్లను ‘వంశం’ అని వదిలేయడం మీద నాకు నిజంగా కోపం. వంశమో కాదో చెప్పడానికి రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం చాలు.

తొందర ఎందుకంటే, ఎముకల కొసలు మూసుకునేలోపే ఎత్తుకు మందు పనిచేస్తుంది. మందు లేకపోతే టర్నర్ అమ్మాయి ఎదిగాక తన తోటివారి సగటు కంటే సుమారు 20 సెంటీమీటర్లు తక్కువుంటుంది. గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ రోజూ తీసుకుంటే ఆ లోటు కొంత పూడుతుంది. అమెరికాలో టర్నర్ కోసం దీనికి అనుమతి 1996లో వచ్చింది. ఖరీదైన మందు, ఏళ్ల తరబడి వాడాలి. నాలుగైదేళ్ల వయసులో మొదలుపెట్టినదానికీ పద్నాలుగేళ్లప్పుడు మొదలుపెట్టినదానికీ చాలా తేడా. పదకొండు పన్నెండేళ్లకు ఈస్ట్రోజెన్ చాలా తక్కువ మోతాదులో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. దానితో రొమ్ములు, గర్భసంచి ఎదుగుతాయి, ఎముకలు గట్టిపడతాయి. ఇంటివాళ్లు అసలు ఊహించనిది గుండె. బృహద్ధమని ఒకచోట సన్నగా ఉండటం, మూడు రెక్కల కవాటానికి రెండే రెక్కలు ఉండటం టర్నర్‌లో తరచుగా కనిపిస్తాయి. అందుకే టర్నర్ అని తెలిసిన రోజే ఎకో తీయించాలి. అప్పుడు బాగున్నా, పెద్దయ్యాక బృహద్ధమని వెడల్పును కొన్నేళ్లకోసారి కొలిపించుకుంటూనే ఉండాలి. అది సాగి చీలితే ప్రాణాపాయం. కిడ్నీల స్కాన్, థైరాయిడ్, వినికిడి కూడా చూడాలి. కణాల్లో వై తాలూకు ముక్క ఏమైనా ఉంటే అండాశయాల స్థానంలోని గ్రంథుల్లో గడ్డ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని తీసేస్తారు.

తెలివికి లోటుండదు. లెక్కల్లో, పటాలు చూసి దిక్కులు గుర్తుపట్టడంలో కొందరు తడబడతారు. మాటల్లో చాలామంది చురుకు. గర్భసంచి ఉంది కాబట్టి దానం చేసిన అండంతో తల్లి కావడం సాధ్యమే. అయితే ముందు గుండె వైద్యుడు ఒప్పుకోవాలి. గర్భం ఆ బృహద్ధమని మీద పెట్టే ఒత్తిడి చిన్నది కాదు.

ఒక అపనింద

ట్రిపుల్ ఎక్స్ వెయ్యిమంది ఆడపిల్లల్లో ఒకరికి ఉంటుంది. కొంచెం పొడవు, కొందరికి మాటలు ఆలస్యం, చదువులో కాస్త సాయం కావాలి. చాలామందికి పిల్లలు కూడా కలుగుతారు, తమకు మూడు ఎక్స్‌లున్నట్టు ఎన్నటికీ తెలియదు.

ఎక్స్‌వైవై కూడా వెయ్యిమంది మగపిల్లల్లో ఒకరికి. దీని కథే బాధాకరం. 1965లో స్కాట్లండ్‌లోని కార్‌స్టేర్స్ ఆసుపత్రిలో, ప్రమాదకరమైన మానసిక రోగులని ఉంచినవారిలో 197 మంది మగవారిని పరీక్షిస్తే ఏడుగురికి ఎక్స్‌వైవై కనిపించింది. అంతే, అదనపు వై అంటే అదనపు మగతనమని, అదనపు క్రూరత్వమని పత్రికలు ఎత్తుకున్నాయి. 1966లో షికాగోలో ఎనిమిది మంది నర్సింగ్ విద్యార్థినులు, నర్సులను చంపిన రిచర్డ్ స్పెక్‌కు ఎక్స్‌వైవై ఉందని ప్రచారమైంది. పరీక్షిస్తే అతనివి మామూలు ఎక్స్, వై. అప్పటికే మాట ఊరంతా పాకింది, పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది.

ఆసుపత్రిలో ఉన్నవారినే లెక్కపెట్టి ఊళ్లో ఉన్నవారి గురించి చెబితే ఎలా? 1976లో విట్కిన్ బృందం డెన్మార్క్‌లో పొడగరులైన 4,139 మందిని పరీక్షించింది. 12 మందికి ఎక్స్‌వైవై ఉంది. వారిలో శిక్ష పడ్డవారి శాతం మిగతావారి కంటే ఎక్కువే గాని, చాలావరకు అవి చిన్న నేరాలు. హింస వైపు మొగ్గు ఉందనడానికి ఆధారం దొరకలేదు. ఎక్స్‌వైవై ఉన్న అబ్బాయి పొడవుగా ఉంటాడు, కొందరికి మాటలు, చదవడం ఆలస్యంగా వస్తాయి, పెద్దయ్యాక చాలామందికి పిల్లలు మామూలుగానే పుడతారు. ఈ వివరం తెలియని ఇంటికి రిపోర్టు వస్తే, అంతర్జాలంలో వాళ్ల కంట పడేది పాత అపనిందే. అందుకే ఇంత చెప్పాను.

మేనరికమూ కాదు, గ్రహణమూ కాదు

మన ఇళ్లలో జన్యు వ్యాధి అనగానే మొదట వచ్చే మాట ‘మేనరికమా?’. మేనమామ కూతుర్నో, అక్క కూతుర్నో చేసుకుంటే కొన్ని వ్యాధుల ప్రమాదం పెరగడం నిజం. తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిసినప్పుడు వచ్చే వ్యాధులవి. లైంగిక క్రోమోజోముల లెక్క తప్పడం ఆ కోవలోది కాదు. ఎలాంటి చుట్టరికమూ లేని దంపతులకూ అంతే అవకాశం. గ్రహణం వేళ కూరగాయలు తరగడం, బొప్పాయి తినడం, జాతక దోషం ఏవీ కారణాలు కావు. ఒకరికి పుట్టాక తర్వాతి బిడ్డకూ అలాగే అయ్యే అవకాశం సాధారణంగా చాలా తక్కువ.

నింద ఎప్పుడూ తల్లి మీదే పడుతుంది కాబట్టి ఈ లెక్క కూడా చెప్పాలి. ఎక్స్‌వైవైలో అదనపు వై ఎప్పుడూ తండ్రి కణ విభజన నుంచే వస్తుంది. ఒక్క ఎక్స్ ఉన్న టర్నర్ అమ్మాయిల్లో నాలుగింట మూడు వంతుల మందికి మిగిలింది తల్లి ఇచ్చిన ఎక్సే, జారిపోయింది తండ్రి వైపుది. క్లైన్‌ఫెల్టర్‌లో అదనపు ఎక్స్ సగం మందికి తల్లి నుంచి, సగం మందికి తండ్రి నుంచి. ట్రిపుల్ ఎక్స్ మాత్రం ఎక్కువగా తల్లి వైపు నుంచి వస్తుంది. తల్లి వయసుతో దాని అవకాశం పెరుగుతుంది. కారణం అండం వయసు. ఆడశిశువు కడుపులో ఉన్నప్పుడే అండాల విభజన మొదలై, సగంలో ఆగి, అవి విడుదలయ్యే నెల దాకా అలాగే ఉంటాయి. ముప్పై ఎనిమిదేళ్ల తల్లి అండంలో కాడి ముడులు ముప్పై ఎనిమిదేళ్లకు పైగా వేసి ఉంచినవే. ఎండకు ఎండి, వానకు నానిన పలుపు జారినట్టు కొన్ని జారతాయి. ఎవరు తప్పు చేసినట్టు?

కడుపులో బిడ్డ లింగం చెప్పడం, చెప్పించుకోవడం మన దేశంలో 1994 చట్టం ప్రకారం నేరం. అయితే క్రోమోజోముల లోపాలను పట్టుకునే పరీక్షలను అదే చట్టం నమోదైన కేంద్రాల్లో అనుమతిస్తుంది. తల్లి రక్తంతో చేసే కొత్త పరీక్షలు అనుమానాన్ని మాత్రమే చెబుతాయి, లైంగిక క్రోమోజోముల విషయంలో తప్పుడు హెచ్చరికలు ఎక్కువ. నిర్ధారణకు ఉమ్మనీటి పరీక్షో, పుట్టాక కార్యోటైపో కావాలి. హైదరాబాదులో నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగంలో, బేగంపేటలోని ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్ర సంస్థలో ఈ పని ఏళ్లుగా సాగుతోంది. రిపోర్టు ఎంత ముఖ్యమో, దాన్ని కూర్చోబెట్టి అరగంట విడమరిచి చెప్పే జన్యు సలహాదారు అంతకంటే ముఖ్యం.

ముందు ఏది, తర్వాత ఏది

మిగిలింది ఆ యువకుడు. 1942లో బోస్టన్‌లో హ్యారీ క్లైన్‌ఫెల్టర్, ఆల్బ్రైట్ బృందంతో కలిసి తొమ్మిది మంది మగవారి గురించి రాశాడు: చిన్న వృషణాలు, రొమ్ములు కొంచెం పెరగడం, వీర్యకణాలు లేకపోవడం. అంత స్పష్టంగా అందరిలో కనిపించదు. 600, 700 మంది మగపిల్లల్లో ఒకరికి క్లైన్‌ఫెల్టర్ ఉంటుంది, అంటే ప్రతి పెద్ద హైస్కూల్లో ఒకడైనా ఉండవచ్చు. అయినా డెన్మార్క్ లాంటి పద్ధతైన వైద్య రికార్డులున్న దేశంలోనే నలుగురిలో ఒకరికి మాత్రమే జీవితకాలంలో ఎప్పుడైనా నిర్ధారణ అయింది. బడిలో మాటలకు తడుముకునే, పొడవాటి కాళ్ల, మెతక పిల్లవాడు అనుకుని వదిలేస్తారు. వీర్యంలో కణాలు అసలు లేని పదిమంది మగవారిని పరీక్షిస్తే ఒకరికి ఇదే కారణంగా కనిపిస్తుంది. మన యువకుడి భార్య నాలుగేళ్లు మింగిన మందులు ఈ ఒక్క పరీక్ష ముందే జరిగి ఉంటే అక్కర్లేకపోయేవి. పిల్లలు లేరని వచ్చిన దంపతుల్లో ముందు భార్యకే పరీక్షలు మొదలుపెట్టే అలవాటు మానుకుంటేనే ఇలాంటివి త్వరగా బయటపడతాయి.

క్లైన్‌ఫెల్టర్ ఉన్నవారికి టెస్టోస్టిరాన్ క్రమంగా తగ్గుతుంది. దానితో ఎముకలు పలచబడతాయి, కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది, మధుమేహం తొందరగా రావచ్చు, ఇతర మగవారితో పోలిస్తే రొమ్ము క్యాన్సర్ ప్రమాదం చాలా రెట్లు ఎక్కువ. టెస్టోస్టిరాన్ బయటినుంచి ఇస్తే చాలావరకు సర్దుకుంటుంది. కానీ ఇక్కడ వరుస చాలా ముఖ్యం. బయటి హార్మోన్ వచ్చిందంటే మెదడు వృషణాలకు పంపే ఆదేశాలను ఆపేస్తుంది, ఉన్న కాసిని వీర్యకణాల తయారీ కూడా నిలిచిపోతుంది. పిల్లలు కావాలనుకునేవారు ఇంజెక్షన్ మొదలుపెట్టకముందే సంతాన వైద్యుడిని కలవాలి.

ఎందుకంటే వృషణం మొత్తం ఎండిపోదు. ఎక్కడో ఒక మూల పచ్చగా మిగిలిన చిన్న మడి ఉండవచ్చు. శస్త్రచికిత్సలో మైక్రోస్కోప్ పెట్టి ఆ మడి కోసం వెతుకుతారు. అలా వెతికితే నూటికి నలభై మందికి అటూఇటుగా కొన్ని వీర్యకణాలు దొరుకుతున్నాయి. దొరికిన ఒక్కో కణాన్నీ సన్నని గాజు సూదితో నేరుగా అండంలోకి పంపుతారు. ఈ దారిలో క్లైన్‌ఫెల్టర్ ఉన్న మగవారికి బిడ్డలు పుట్టిన సంగతిని అమెరికాలో పలెర్మో బృందం 1998లో ప్రకటించింది. అప్పటి నుంచి అనేక దేశాల్లో పుట్టిన అలాంటి పిల్లల రక్తం పరీక్షించి చూస్తే, వారిలో అత్యధికుల కార్యోటైప్ కాగితం మీద ఉన్నది మామూలు అంకె, 46.